కీర్తిశేషులు డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ గారికి, లూకన్ నుంచి

మహారాజశ్రీ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ గారి సముఖానికి, ఐర్లండ్ రాజధాని డబ్లిన్ శివారు లూకన్ వాస్తవ్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం, ట్రాఫిక్ తప్ప. డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీని ఏలిన తమరు 1994 జనవరి 1న రద్దయి కాలం చేసిన సంగతి తెలుసు. అయినా రాస్తున్నాను. తమరు పోయారు గానీ తమరు మ్యాపు మీద గీసిన గీతలు పోలేదు. మా వీధి వాటిలో ఎక్కడో ఉంది.

పుట్టుక మాత్రం గొప్పదే. 1898లో చట్టం వచ్చింది, 1899లో ఎన్నికలు జరిగాయి. అప్పటిదాకా కౌంటీ రోడ్లూ పన్నులూ గ్రాండ్ జ్యూరీల చేతిలో ఉండేవి. అంటే ఎవరూ ఓటేయకుండానే కుర్చీలెక్కిన భూస్వాముల కొలువు. వాళ్ళను దింపి జనం మిమ్మల్ని ఎక్కించారు. భూములవాళ్ళ పెత్తనం పోయిందని సంబరపడి ఉంటారు పాపం. తొంభై ఏళ్ళు తిరిగేసరికి భూములవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి కుర్చీ అడగలేదు, అందులో కూర్చున్నవాళ్ళు చెయ్యెత్తితే చాలన్నారు.

మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. 1940 చట్టంతో ఉద్యోగాలూ కాంట్రాక్టులూ రోజువారీ పాలనా, ఎన్నికతో పనిలేని కౌంటీ మేనేజర్ అనే అధికారి చేతికి పోయాయి. 1978లో ఇళ్ళ మీద పన్ను ఎత్తేశారు, సొంత రాబడిలో పెద్ద ముక్క అక్కడే పోయింది. ఇంక మీ కౌన్సిలర్లకు మిగిలిన పెద్ద అధికారం ఒకటే: ఏ పొలం పొలంగా ఉండాలి, ఏ పొలం ఇళ్ళ స్థలం కావాలి అన్నది డెవలప్‌మెంట్ ప్లాన్‌లో తేల్చడం. పొద్దున గొర్రెలు మేసిన నేల ధర రాత్రి ఓటింగ్ అయ్యేసరికి ఎన్నో రెట్లయ్యేది. దానికి ఎరువూ అక్కర్లేదు, వానా అక్కర్లేదు. అన్ని అధికారాలూ లాగేసుకుని బీరువా తాళంచెవి మాత్రం చేతిలో పెట్టి, బుద్ధిగా ఉండమన్నారు మిమ్మల్ని.

ఇదంతా ఎవరికీ తెలియక జరిగిందనుకుంటే పొరపాటు. నగరం పక్కనున్న భూమిని కౌన్సిళ్ళే వ్యవసాయ ధరకు ఇంకో 25 శాతం కలిపి కొనెయ్యాలని జస్టిస్ జాన్ కెన్నీ కమిటీ 1973లోనే చెప్పింది. అలా చేస్తే పెరిగిన విలువ ఊరి జనానికే దక్కుతుంది. ఆ నివేదికంటే తర్వాతి ప్రభుత్వాలకు ఎంత గౌరవమంటే, నలుగుతుందేమోనని అలమరలోంచి తియ్యనే లేదు.

ఇక మా ఊరి సంగతి. లూకన్-క్లొండాల్కిన్ జనానికి టౌన్ సెంటర్ నీల్స్‌టౌన్ దగ్గర వస్తుందని తమరి ప్లాన్‌లోనే ఉంది. అక్కడ కౌన్సిల్ ఇళ్ళు కట్టారు, జనాన్ని దింపారు. దుకాణాలు వస్తాయని వాళ్ళు ఎదురుచూశారు. 1991 మే నెలలో, స్థానిక ఎన్నికలకు సరిగ్గా ముందు, తమరి సభ ఓటేసి ఆ సెంటర్‌ను ఎం50 అనే రింగు రోడ్డు పక్కనున్న క్వారీవేల్‌కు తరలించింది. 1992 డిసెంబరులో దాన్ని ఖాయం చేసింది. అదే 1998లో తెరిచిన లిఫీ వ్యాలీ షాపింగ్ సెంటర్. కారున్నవాళ్ళకు స్వర్గం. శనివారం నేనూ వెళ్తాను, నా వంతు పాపం నాకూ ఉంది. పాతికేళ్ళ కింద కారులేని నీల్స్‌టౌన్ తల్లి పాలడబ్బాకు అక్కడికెలా వెళ్ళాలన్నది మాత్రం ఆ ఓటింగ్‌లో ఎజెండా కాదు.

తమరి జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1993లోది. గ్రీన్ పార్టీ కౌన్సిలర్ ట్రెవర్ సార్జెంట్ నిండు సభలో లేచి ఒక చెక్కు పైకెత్తి చూపించాడు. ఒక బిల్డర్ పంపిన 100 పౌండ్లు. "ఇలాంటిది ఇంకెవరికైనా వచ్చిందా?" అని అడిగాడు, అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళను చూశాం గానీ, అడిగినవాడి మెడ ఒడిసిపట్టుకోవడం తమరి సభలోనే చూశాం. అరుపులూ తోపులాటలూ జరిగాయి. జవాబు మాత్రం రాలేదు.

ఆ ఏడాదే మీకు మరణశాసనం రాశారు. శిక్షగా కాదు సుమా, పాలనా సౌలభ్యం కోసం! 78 మంది సభ్యుల ఉమ్మడి కుటుంబానికి ఆస్తి పంపకాలు చేసి ఫింగల్, సౌత్ డబ్లిన్, డన్ లీరీ-రాత్‌డౌన్ అని మూడు వాటాలు వేశారు. ఎంత మంచి ముహూర్తం! ఈ భూముల అవినీతి మీద విచారణ ట్రిబ్యునల్ వేసింది 1997లో, అప్పటికి బోనులో నిలబెట్టడానికి తమరే లేరు.

తమరి తరఫున ఫ్రాంక్ డన్‌లప్ నిలబడ్డాడు. ఒకప్పుడు ప్రభుత్వ ప్రెస్ సెక్రటరీ, తర్వాత బిల్డర్ల లాబీయిస్టు. 2000 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ జడ్జి ఫ్లడ్ గారు అతన్ని రాత్రంతా ఆలోచించుకుని రమ్మన్నారు. ఏమి నిద్ర పట్టిందో గానీ, మర్నాడు వచ్చి కౌన్సిలర్లకు డబ్బిచ్చానని చెప్పడం మొదలుపెట్టాడు. తీసుకున్నామన్నవాళ్ళలో చాలామంది అవి ఎన్నికల విరాళాలన్నారు. దక్షిణ డబ్లిన్‌లోని క్యారిక్‌మైన్స్ భూముల ఓట్ల విషయంలో నేరం ఒప్పుకున్నందుకు 2009లో అతనికి రెండేళ్ళ శిక్ష పడింది, అందులో ఆరు నెలలు సస్పెండ్ చేశారు. పుచ్చుకున్నారన్నవాళ్ళ మీద పెట్టిన కేసు 2013లో మధ్యలోనే కూలిపోయింది. ప్రధాన సాక్షి డన్‌లప్పే, అతనికి ఒంట్లో బాగోలేదు. 2012లో ట్రిబ్యునల్ తుది నివేదిక వచ్చింది. మూడు వేల పైచిలుకు పేజీలు. మంత్రుల దగ్గర్నుంచి కౌన్సిలర్ల దాకా అవినీతి వేళ్ళూనుకుందని అందులో రాశారు. రీజోన్ చేసిన, అంటే ఇళ్ళ స్థలాలుగా మార్చిన పొలాలు మాత్రం తిరిగి పొలాలు కాలేదు. ఇళ్ళలో మనుషులున్నారు, ఖాళీ చెయ్యమంటే నేనూ ఒప్పుకోను.

జవాబు రాయాలనిపిస్తే కవరు మీద "లూకన్, కౌంటీ డబ్లిన్" అనే రాయండి. పాలనాపరంగా ఆ కౌంటీని 1994లోనే ఎత్తేశారు గానీ పోస్ట్‌మ్యాన్‌కు పట్టింపు లేదు, అందుతుంది. చెక్కులు మాత్రం పంపకండి.

ఇట్లు,
తమరు ఇంకా పొలంగానే ఉంచాల్సిన చోట త్రీ బెడ్ సెమీ డిటాచ్డ్ కొనుక్కున్న ఒక తెలుగువాడు