చదవని పుస్తకం చూసిన ఊళ్లు

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఏ పుస్తకం పట్టుకెళ్లాలన్న సమస్యను మన మేధావులు పట్టించుకోవాల్సినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. స్లీపర్ క్లాసులో మనిషికి 40 కిలోల సామాను ఉచితమని రైల్వేవాళ్లు చెప్పారే గానీ, అందులో సాహిత్యం వాటా ఎంతో తేల్చలేదు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడో తేల్చేశారు. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా, దుప్పట్లు సర్దాక కూడా జిప్ పడితే, మిగిలిన సందంతా సాహిత్యానిదే.

మొన్న అరకు ప్రయాణానికి మూడు రోజుల ముందే ఎంపిక మొదలుపెట్టాను. పదకొండు పుస్తకాలు మంచం మీద పరిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ తొంగిచూసి, "పెళ్లిచూపులా?" అంది. ఇలాంటి పనికి ఏకాగ్రత కావాలి కాబట్టి జవాబివ్వలేదు.

నా సూత్రాలు నాకున్నాయి. పుస్తకం 600 పేజీలకు తగ్గకూడదు. సన్న పుస్తకం ప్రమాదకరం. ఖాజీపేట దాటేలోపు అయిపోతే ఆ తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది. అట్ట మీది పేరు ఎదుటి బెర్తు దాకా కనబడాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఇంట్లో చదవలేకపోయిన పుస్తకమై ఉండాలి. ఫ్యాన్ కింద, సోఫాలో, కాఫీ పక్కన పెట్టుకుని చదవలేనిదాన్ని, పక్కాయన ఫోన్లో సీరియల్ మోగుతుంటే, ఒళ్లో పిల్లాడి కాళ్లు పెట్టుకుని చదివేస్తానన్న నమ్మకం నాకు సెలవు మంజూరైన రోజే పుట్టుకొస్తుంది.

చివరికి ఒక చారిత్రక నవల నెగ్గింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం బేరమాడి కొన్నది. తెరిచి చూస్తే 23వ పేజీలో కన్యాకుమారి వెళ్లినప్పటి రైలు టికెట్, 31వ పేజీలో ఊటీ పార్కు టికెట్. అంటే ఊటీలో ఎనిమిది పేజీలు చదివానన్నమాట. చల్లటి వాతావరణం చదువుకు మంచిదని ఊరికే అనరు. ఈ లెక్క విని మా అత్తగారు, "నాకన్నా ఆ పుస్తకమే ఎక్కువ ఊళ్లు తిరిగింది" అన్నారు. అది సాహిత్య విమర్శ కాదని నాకు అర్థమైంది.

విశాఖ నుంచి అరకు కొండెక్కే రైలు దారిలో పదులకొద్దీ సొరంగాలున్నాయి. పుస్తకం తెరుస్తాను, చీకటి పడుతుంది, బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేక పెడతారు, వెలుతురొచ్చేసరికి నేను ఏ వరసలో ఉన్నానో నాకు తెలీదు. మళ్లీ మొదటికి. "రాజుగారు కోట బురుజు మీద నిలబడి ఉన్నారు" అన్న ఒక్క వాక్యాన్నే బొర్రా గుహల స్టేషన్ వచ్చేదాకా చదివాను. పాపం, అంతసేపూ ఆయన నిలబడే ఉన్నారు.

అరకులో పుస్తకం బ్యాగులోంచి బయటికి రాలేదనడం అన్యాయం. వచ్చింది. గదిలో టీపాయ్ కాలు ఒకటి పొట్టిది. ఆ నాలుగు రోజుల్లో నేను ఆసాంతం చదివింది బొంగు చికెన్ కొట్టు దగ్గర వేలాడదీసిన ధరల అట్ట ఒక్కటే. అదీ రెండుసార్లు.

తిరుగు ప్రయాణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఎదుటి బెర్తులో రిటైరైన మాస్టారు ఒకాయన. రైల్లో పక్కవాళ్ల పేపర్ అడిగి చదవడం మన హక్కు కదా, ఆయన ఇంకాస్త ముందుకెళ్లి, "మీరు చదవట్లేదు కదండీ, ఓసారి ఇస్తారా?" అన్నారు. తుని దగ్గర మెలకువొచ్చి చూస్తే చదువుతున్నారు. విజయవాడలో టీ అమ్మేవాడి అరుపుకి లేచి చూస్తే అప్పటికీ చదువుతూనే ఉన్నారు.

తెల్లారాక పుస్తకం చేతికిచ్చారు. నా టికెట్లు రెండూ ఏ పేజీలోవి ఆ పేజీలోనే ఉన్నాయి.

"ముగింపు అదిరిందండీ. చేసింది తమ్ముడేనని చివరిదాకా అనుకోలేదు. మీరో?"

"నేనూ అస్సలు అనుకోలేదండీ," అన్నాను.

మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.