సవరణ: న్యూట్రిషనల్ ఈస్ట్, బి12 సంగతి

పోయిన వారం జీడిపప్పు సాస్ గురించి రాసినప్పుడు, చీజ్ లాంటి రుచి కోసం వేసే ఎండు ఈస్ట్ రేకులైన న్యూట్రిషనల్ ఈస్ట్‌లో బి12 విటమిన్ సహజంగానే ఉంటుంది, రోజూ రెండు చెంచాలు వేసుకుంటే పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినని వీగన్లకు మాత్రలతో పని లేదు అని చెప్పాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

ఈస్ట్ బి12ను తయారు చేయలేదు, ఆ పని చేసేది బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు. కొన్ని కంపెనీలు దాన్ని విడిగా కలుపుతాయి, కొన్ని కలపవు. చదివినవాళ్లలో ఒకరు అడిగాక నా దగ్గరున్న రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ అవే పసుపు రేకులు, అదే చీజ్ లాంటి వాసన, నోట్లో వేసుకున్నా తేడా తెలియదు, కానీ ఒకదాని వెనక పదార్థాల వరసలో సయనోకోబాలమిన్ (బి12కు ఇంకో పేరు) అని ఉంది, రెండోదాంట్లో ఈస్ట్ తప్ప ఇంకేమీ లేదు. నేను ఎక్కువగా వాడుతున్నది ఆ రెండోదే!

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమాచారం ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణులకు ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి మీ ప్యాకెట్ మీద ఆ పేరు లేకపోతే బి12 కలిపిన సోయా పాలో, మాత్రో తప్పకుండా చూసుకోండి. స్పిరులినా అనే నాచు పొడి కూడా దీనికి పనికిరాదు, అందులో ఉన్న బి12 చాలావరకు మన ఒంటికి పట్టని రూపం.

సాస్ కొలతల్లో మాత్రం మార్పేమీ లేదు. రుచికి ఏ ఈస్ట్ అయినా సరిపోతుంది.