రోడ్డు పక్క ఇంకుడు గుంటలో ఏ మొక్క నాటాలి?

హైదరాబాద్‌లో చాలా మీడియన్లు, అంటే రోడ్డు మధ్య డివైడర్లు చూడండి. మట్టి రోడ్డు కంటే ఎత్తుగా కుప్ప పోసి ఉంటుంది. గట్టి వాన పడితే ఆ ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డంతా బురద. నీళ్లు మాత్రం మొక్కకు అందకుండా కాలవలోకి పోతాయి. చేయాల్సింది దీనికి పూర్తిగా రివర్స్. మట్టిని అర అడుగో అడుగో లోతు తీసి, అంచురాళ్లకు అక్కడక్కడా గండి పెడితే రోడ్డు నీళ్లు లోపలికొచ్చి ఇంకుతాయి. రెయిన్ గార్డెన్ అంటే అంతే.

గుంట తవ్వడం ఒక ఎత్తు, అందులో ఏం నాటుతామన్నది ఒక ఎత్తు. నర్సరీలో దొరుకుతుంది, త్వరగా పచ్చబడుతుంది అని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు తెచ్చి పెట్టడం చూస్తే కడుపు మండిపోతుంది. గుజరాత్ 2023లోనే దాన్ని నిషేధించింది. ఇంకొందరు "మన చెట్టే కదా" అని వేప పెడతారు. మనదే, కాదనను. కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే వేపకు పడదు. మనది అయితే చాలదు, ఆ చోటికి తగినది కావాలి. జులైలో ఒక రోజంతా మునిగినా, ఏప్రిల్‌లో నెర్రెలిచ్చిన మట్టిలో నిలబడినా తట్టుకోవాలి.

అలాంటివి కావాలంటే వాగు ఒడ్డుకు వెళ్లి చూడండి. అక్కడ వావిలి ఉంటుంది. బాలింత స్నానానికి ఆకు మరిగించే చెట్టే. కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, మేకలు ముట్టవు. రోడ్డు పక్కన అంతకంటే ఏం కావాలి? గుంట అడుగున వట్టివేరు వేయాలి. దాని వేళ్లు పక్కకు పాకవు, నిలువునా రెండు మూడు మీటర్లు దిగి మట్టిని పట్టేస్తాయి. వాలు మీద వావిలి, చోటుంటే పై అంచున కానుగ. వేప కూడా ఆ పైనే, తడి ఆరే చోట.

దోమలొస్తాయని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. గుడ్డు దోమై ఎగరడానికి వారం దాకా పడుతుంది. గుంట రెండు రోజుల్లో ఇంకిపోవాలి. నల్లరేగడి అయితే అంత తొందరగా ఇంకదు కాబట్టి పై మట్టి తీసేసి ఇసుక, కంపోస్టు కలిపి నింపాలి.

ఇంకోటి, నాటు మొక్కకు నీళ్లక్కర్లేదన్నది అబద్ధం. వేరు దిగేదాకా, కనీసం మొదటి రెండు వేసవులు ట్యాంకర్ రావాల్సిందే. ఆ ఖర్చు కూడా టెండర్లోనే రాయాలి.