దోమల్లేని అడవి

ఫాంటసీ అడవి చేయడం ఈ రోజుల్లో ఉప్మా చేసినంత తేలిక. ఫిన్లాండ్ నుంచి స్ప్రూస్ చెట్లు, నార్వే నుంచి కొండలు, చెట్ల మొదట్లో పచ్చటి నాచు, పైన కావలసినంత పొగమంచు, వెనకాల ఒకే స్వరాన్ని సాగదీస్తూ చెల్లో. ఇక అందులోకి జడలున్న వీరుణ్ని ఒకణ్ని తోలితే చాలు, గేమ్ కావాలంటే గేమ్, నవల కావాలంటే నవల.

నా అభ్యంతరం ఒక్కటే. దోమలేవి?

వేసవిలో ఫిన్లాండ్ ఉత్తరాన లాప్‌లాండ్ చిత్తడి నేలల మీద అవి లేచాయంటే రెయిన్‌డీర్లంతటివే గాలి వీచే గుట్టల మీదికి, ఇంకా కరగని మంచు మీదికి పారిపోతాయి, మేపేవాళ్లు పొగ పెడితే దాని చుట్టూ మూగుతాయి. మన వీరుడు మాత్రం అదే అడవిలో చొక్కా లేకుండా తిరుగుతాడు, ఒక్కసారైనా గోక్కోడు.

పెద్దవాళ్లే ఈ అలవాటు చేశారు. ఫిన్లాండ్ సంగీతకర్త సిబేలియస్ 1926లో వాళ్ల పురాణాల్లోని అడవి దేవుడు తాపియో పేరు మీద 'తాపియోలా' అని వాద్యబృందానికి ఒక సంగీతం రాశాడు. ఇదేమిటో కాస్త చెప్పండి మహాప్రభో అని ప్రచురణకర్తలు అడిగితే వివరం రాసిచ్చాడు, వాళ్లు దాన్ని నాలుగు పాదాల పద్యం చేశారు, అందులో ముసలి అడవులున్నాయి, దేవుడున్నాడు, చీకట్లో మంత్రాలల్లే వనదేవతలున్నారు, దోమ ఊసు లేదు. కానీ చివర్లో తీగవాద్యాలన్నీ సన్నగా మొదలై, గుయ్యిమంటూ ముదిరి, మీదికొచ్చి పడతాయి చూడండి, పండితులు దాన్ని తుపాను అంటారు. 1904 నుంచి చెట్ల మధ్య ఇల్లు కట్టుకుని కాపురమున్న మనిషికి అదేమిటో తెలియదా? 'తాపియోలా' తర్వాత 1957 దాకా బతికాడు గానీ అంత పెద్ద రచన మళ్లీ రాలేదు. ఎనిమిదో సింఫనీ కాగితాలు పొయ్యిలో వేశాడు. ఎందుకు వేశాడో అని పరిశోధకులు తల బద్దలు కొట్టుకుంటున్నారు, పొగ కోసమేమో అని ఒక్కరికీ తట్టలేదు.

నార్వే సంగీతకర్త గ్రీగ్ నయం. 'పీర్ గింట్' నాటకంలో ట్రోల్ అనే కొండ రాక్షసుల రాజు కొలువుకి తాను కట్టిన సంగీతం ఆవు పేడ కంపు కొడుతోందని, తానే వినలేకపోతున్నానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. జనం ఆ ముక్కనే నెత్తిన పెట్టుకున్నారు, అది వేరే సంగతి.

అన్నట్టు తాపియోలాకి బస్సు, మెట్రో కూడా ఉన్నాయి. 1950ల్లో హెల్సింకి పక్కన ఎస్పోలో కట్టిన కాలనీకి ఆ పేరే పెట్టారు, అలా దేవుడికి ఫ్లాట్లొచ్చాయి. ఫిన్లాండ్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు అడవే అంటారు, నిజమే, కానీ అందులో చాలా భాగం వరస ప్రకారం పెంచి, పలచన చేసి, నరికి మిల్లుకి పంపేది. ఫాంటసీ కథల్లో అడవిలో తిరిగే మాయజీవి ఎల్ఫ్ ఏ చెట్టు చాటున నక్కిందో, రేపు ఆ ఎల్ఫ్ నవల అచ్చయ్యే కాగితం ఆ చెట్టుదే కావచ్చు.

కాబట్టి ఫాంటసీ అడవులు కట్టేవారందరికీ నా సవినయ డిమాండు: రెండో వయొలిన్ల వరసని పూర్తిగా దోమలకి కేటాయించాలి. వీరుడు కత్తి దూయబోయే ముందు తన మెడ మీద తానే ఫట్టుమని ఒక్కటి చరుచుకోవాలి. డ్రాగన్ కూడా, దానికి చెయ్యి అందే చోటైతే.