మణికట్టు మీది మహారాజావారికి

మహారాజశ్రీ జీపీఎస్ వాచీ గారి దివ్యసముఖానికి, తెల్లవారుజామున నాలుగింటికే లేచి తమరి కోసం రోడ్డెక్కే రన్నర్లు విన్నవించుకునేది ఏమనగా:

డిసెంబరు 31 రాత్రి తమరు పంపిన ఏడాది లెక్క అందింది. తెర మీద చిచ్చుబుడ్లు వెలిగించి మరీ చూపించారు, 1,604 కిలోమీటర్లని. సంతోషం. కాకపోతే దాని కిందే ఇంకో మాట ఉంది. మొన్న ఆదివారం 32 కిలోమీటర్ల లాంగ్ రన్ పూర్తిచేసినందుకు తమరిచ్చిన బిరుదు: ‘అన్‌ప్రొడక్టివ్’. మన భాషలో, దండగ. ఆ మధ్యాహ్నం పప్పన్నం తిని నడుం వాల్చిన గంటకే ‘లే, కదులు’ అని బుర్రుమన్నది కూడా తమరే.

తమరి తీర్పులు మాకు కొత్త కాదులెండి. మే నెల గుర్తుందా? ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకని గుండె, కండరాలకే కాక చర్మానికీ రక్తం తోలాలి. జనవరిలో 6:30 పేస్‌కి, అంటే కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల వేగానికి, నిమిషానికి 145 సార్లు కొట్టిన గుండె మేలో అదే పేస్‌కి 160 కొట్టడంలో వింత లేదు. తమరు మాత్రం వీవో2 మ్యాక్స్‌లో, అంటే ఒళ్లు ఆక్సిజన్ వాడుకోగల సత్తాకి తమరేసే మార్కుల్లో, రెండు పాయింట్లు కోసేశారు. ఎండ చేసిన నేరానికి జరిమానా మాకు.

అసలు ఆ 160 కూడా నిజమో కాదో. తమరు చూసేది గుండెను కాదు. ఆకుపచ్చ దీపం వేసి, చర్మం కింద రక్తం పొంగులు లెక్కపెడతారు. పట్టీ కాస్త వదులైతే చాలు, చేతి ఊపునే నాడి అనుకుంటారు. నిమిషానికి 172 అడుగులు పడుతుంటే గుండె కూడా 172 అని చాటింపు వేస్తారు. అవతల మనిషేమో పక్కవాడితో కబుర్లాడుతూ ఈజీ రన్ చేస్తున్నాడు! అందుకే తమరిని మణికట్టు ఎముకకి వేలెడు పైన, చెయ్యి ఊపినా జారనంత బిగించి కట్టుకోవాలి. కుదరకపోతే ఛాతీకి కట్టే చెస్ట్ స్ట్రాప్. దాన్నీ తడిపి కట్టాలి, పొడిగా కడితే చెమట పట్టేదాకా అదీ నోటికొచ్చిందే చెబుతుంది. ఇక 220లోంచి వయసు తీసేసి, అదే గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగమని గీసిన ఆ తీవ్రత జోన్లంటారా? నలభై ఏళ్లవాళ్లందరికీ 180 అంటే ఎలాగండీ? 192 దాకా వెళ్లేవాళ్లున్నారు, 168 దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు.

ఇవన్నీ దిగమింగుకున్నాం. ఆగస్టు సంగతి మాత్రం మింగుడు పడటం లేదు.

హైదరాబాద్ మారథాన్. నెక్లెస్ రోడ్డులో మొదలు, గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు, మధ్యలో ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. నాలుగు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకి 5:41 నిమిషాలు. తమరు 5:41 చూపిస్తున్నారు, మేం నమ్మాం. సరిగ్గా 3:59:48కి తమరి తెర మీద మారథాన్ పూర్తి దూరం, 42.195 కిలోమీటర్లు, పడింది, టకటకా బీప్‌లు, పతకం బొమ్మ. తల ఎత్తి చూస్తే ఫినిష్ ఆర్చి లేదు. ఇంకా 600 మీటర్ల రోడ్డు ఉంది. పిక్కలు పట్టేసిన కాళ్లకి ఆ 600 మీటర్లంటే ఏమిటో బ్యాటరీతో బతికే తమరికేం తెలుస్తుంది. గీత దాటేసరికి 4:03:15. తమరి లెక్కలో పరుగు 42.8 కిలోమీటర్లు.

రోడ్డు తప్పు కాదు. సర్టిఫైడ్ కోర్సు, అంటే దూరం ధ్రువీకరించిన రేసు దారిని, సైకిల్ ముందు చక్రానికి తిప్పుళ్లు లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించి, ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద ముందే సరిచూసుకుని, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల ఎడంగా, ఉన్నవాటిలో అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. ఎక్కడా తక్కువ పడకూడదని కిలోమీటరుకో మీటరు అదనంగా కలుపుతారు. ఆ లెక్కన మారథాన్ మొత్తానికి 42 మీటర్లు.

కొంత తప్పు మాదే, ఒప్పుకుంటాం. నీళ్ల బల్లకోసం ఈ పక్కకీ, ముందువాణ్ణి దాటడానికి ఆ పక్కకీ ఊగుతాం, మలుపుల్ని బయటి అంచున తిరుగుతాం. మిగతాది నీదే. అవును, నీదే. ఇక తమరూ గిమరూ లేదు. సెకనుకోసారి ఆకాశంవైపు చూసి చుక్కలు పెట్టుకుంటావు. ఫ్లైఓవర్ కింద ఆకాశమే కనపడదు. హైటెక్ సిటీలో సిగ్నల్ అద్దాల మేడకి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని నువ్వు దూరం అనుకుంటావు. తర్వాత మ్యాపు తెరిస్తే గీత ఆఫీసు బిల్డింగులో దూరి, లిఫ్టెక్కి, అవతలి గేటులోంచి బయటికొచ్చినట్టుంటుంది. తెలీదని చెప్పే అలవాటు లేదు నీకు. చుక్కకీ చుక్కకీ గీత కలిపేసి, రెండు దశాంశాలతో సహా చెప్పేస్తావు. పదహారు వారాలు కూడబెట్టిన కాళ్లను మూడున్నర నిమిషాలకి ముంచావు కదరా!

మిగతా పాపాలు క్లుప్తంగా. రేసుకి ముందు టేపర్‌లో పరుగు తగ్గిస్తే ‘ఫిట్‌నెస్ పడిపోతోంది’ అని బెదిరిస్తావు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర మేం ఆగగానే గడియారం ఆపేసే ఆటో పాజ్ పెట్టి పేస్ బాగుందని ముఖస్తుతి చేస్తావు. బూట్లు 700 కిలోమీటర్లు దాటి అడుగు నున్నబడినా, యాప్‌లో బూట్ల గడి ఎవరో నింపితే తప్ప నోరెత్తవు. శాటిలైట్ దొరికేదాకా వీధిలో చెయ్యెత్తి నిలబెడతావు, ఆ కాసేపట్లో కుక్కలకి మేం ముందు దొరుకుతాం.

వచ్చే ఆగస్టుకి షరతులివి. నీ లెక్కన కిలోమీటరు కాగానే బీప్ కొట్టే ఆటో ల్యాప్ తీసేశాం. రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు రాగానే బటన్ మేం నొక్కుతాం, అప్పుడే నువ్వు నోరు తెరవాలి. అసలు లెక్క చేతికి చుట్టుకున్న కాగితం ముక్క మీద ఉంటుంది: పది కిలోమీటర్లకి 56:53, సగానికి 2:00, ముప్ఫైకి 2:50:38, నలభైకి 3:47:31. ఈసారీ నీ దూరం అంతే సాగుతుందనుకుని, నీ తెర మీద 5:36 కనపడేలా పరిగెడతాం. అప్పటికి గానీ లోకం లెక్కలో 5:41 అవదు.

పట్టీ రంధ్రాల్లో గట్టిపడిన ఉప్పుని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తీశాం, లేకపోతే దద్దుర్లు. వెనకాల గాజు తడిగుడ్డతో తుడిచాం. ప్రస్తుతం చార్జింగులో ఉన్నావు, 64 శాతం. నిండగానే చేతికి కట్టుకుంటాం. రేపు నాలుగింటికి లేపు. బీప్ వద్దు, ఇంట్లోవాళ్లు లేస్తారు. మణికట్టు మీద బుర్రుమంటే చాలు.