ఇంకా 39 చదరాలు

ఊలు చదరాలు కలిపి దుప్పటి అల్లడం పూర్తయి వారమైంది. ఇంకా కప్పుకోలేదు. తిరగేసి చూస్తే ఏడుపొస్తోంది. ఒక్కో చదరంలో నాలుగు రంగులు, రంగుకి మొదట ఒక దారం కొస, చివర ఒక కొస వేలాడుతూ. అంటే చదరానికి 8. మొత్తం 48 చదరాలు, 384 కొసలు! అవన్నీ కుట్లలోకి దాచేయాలి. ఒక్కోదాన్నీ మొద్దు మొన సూదిలోకి ఎక్కించాలి. తడిపి, మెలిపెట్టి, వేళ్లతో నొక్కినా సగం పోగులు కన్నంలోకి, సగం బయటికి. ఎలాగో ఎక్కించి, నాలుగు కుట్ల కిందుగా లాగి, వెనక్కి తిప్పి, మళ్లీ ఇంకోవైపు పోనివ్వాలి. ఒక్క వైపే లాగి కత్తిరిస్తే రెండు ఉతుకుల్లో ఊడి వస్తుంది. నున్నటి నూలు దారమైతే మరీను.

ఇక రెండంగుళాలే వదిలి కత్తిరించిన కొసలున్నాయే, వాటితో నా ప్రాణం పోతోంది. సూది తిప్పేలోపే దారం అయిపోతుంది. 6 అంగుళాలు వదలాలని తెలుసు, ఊలు చాలదేమోనన్న టెన్షన్‌లో వదల్లేదు.

అల్లేటప్పుడే కొసల మీదుగా కుట్లు వేసుకుంటూ పోవచ్చు, నిజమే. కానీ లేత రంగు కింద ముదురు కొస కనిపిస్తూనే ఉంటుంది. అది నేను చూడలేను.

నిన్న రెండు గంటలు కూర్చుంటే తొమ్మిది చదరాలయ్యాయి. మెడ పట్టేసింది.