తోక మొలిచిన పిట్ట

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏంటో చెప్పుకోండి అని చిన్నప్పుడు ఎవరైనా అడిగితే ‘ఉత్తరం’ అని ముక్తకంఠంతో అరిచేవాళ్ళం. ఆ పిట్టకు ఇప్పుడు తోక మొలిచింది. నల్ల గీతల తోక, దాని కింద ఒక నంబరు. స్పీడ్ పోస్టు పిట్టకైతే అక్షరాలూ అంకెలూ కలిపి పదమూడు. ఆ తోక పట్టుకుంటే పిట్ట ఏ ఊళ్ళో వాలిందో, ఎన్నింటికి లేచిందో ఫోన్లో చూసుకోవచ్చు.

తొంభై ఆమడలు అది ఇప్పటికీ ఇట్టే పోతోంది. సోమవారం సాయంత్రం తెనాలిలో బయల్దేరితే బుధవారం పొద్దున్నకల్లా హైదరాబాద్‌లో మా ఆఫీసు గేటు దగ్గర వాలుతోంది. అక్కడి నుంచి, అంటే రెండో సెల్లార్లోని మెయిల్‌రూమ్ నుంచి తొమ్మిదో అంతస్తులో నా సీటు దాకా ఉన్న తొంభై గజాలే దానికి కష్టంగా ఉంది.

ఈ ఘనత ఊరికే రాలేదు. దీని వెనక రెండు కమిటీలు, ఒక వెండరు, ప్రారంభోత్సవం నాడు కోసిన కేకు ఉన్నాయి. పోయినేడాది మా మెయిల్‌రూమ్‌ను డిజిటలైజ్ చేశారు.

ముందు ఆ గది ఎంత వెనకబడి ఉండేదో సిగ్గు విడిచి చెబుతాను. ఒక టేబులు, ఒక మనిషి, ఒక రిజిస్టరు. ఎర్ర బైండు రిజిస్టరు. స్కేలు పెట్టి గీసిన గళ్ళు: వరస నంబరు, తేదీ, కొరియర్ పేరు, ఏడబ్ల్యూబీ నంబరు (పార్సిల్ మీదుండే ట్రాకింగ్ నంబరు), ఎవరికి, సంతకం. కొరియర్ పేరు గడిలో డిటో గుర్తులు పైనుంచి కిందికి చీమల బారులా దిగేవి. పెన్ను ఎవరూ జేబులో పెట్టుకుపోకుండా దానికి పురికొస కట్టి, రెండో కొసను సొరుగు పిడికి ముడేశారు. తాడు సరిగ్గా సంతకం గడి దాకా వచ్చేది. ఎడమచేతి వాటం వాళ్ళు మాత్రం టేబులు చుట్టూ తిరిగొచ్చి సంతకం పెట్టాల్సి వచ్చేది. మొత్తం వ్యవస్థలో నాకు కనిపించిన సాంకేతిక లోపం అదొక్కటే.

ఆ మనిషిని అందరం కొరియరన్న అనేవాళ్ళం. ఆయన డేటాబేస్ ఆయన తలకాయలో ఉండేది. మా కంపెనీలో పదకొండు మంది శ్రీనివాసులు ఉన్నారు. పెట్టె మీద ‘శ్రీనివాస్, 9వ ఫ్లోర్’ అని మాత్రమే ఉంటే, కొరియరన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపేవాడు. ప్రోటీన్ డబ్బాలా బరువుగా కదిలితే జిమ్ శ్రీనివాస్‌ది. గిలక్కాయలా మోగితే కవలల శ్రీనివాస్‌ది. ఊపడానికేమీ లేని బ్యాంకు కవరైతే ‘పాపం’ అనుకుంటూ ఈఎంఐ శ్రీనివాస్ దగ్గరికి నడిచేవాడు. ఇలాంటి పద్ధతిని ఏ ఆడిటరు మాత్రం ఒప్పుకుంటాడు? రేపు ఈయన సెలవు పెడితే మన గతేంటని కమిటీ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకని సెలవు పెట్టకముందే ఆయన్ని బైకుల పార్కింగ్‌కు మార్చేశారు. పాత మెయిల్‌రూమ్ అలా టపా కట్టింది.

కొత్తది చూడ ముచ్చటగా ఉంటుంది. గోడ నిండా లాకర్లు. పార్సిల్ రాగానే స్కానర్ లేబుల్ చదువుతుంది, పేరును హెచ్ఆర్ జాబితాతో పోల్చుకుంటుంది, మనకు మెయిల్ కొడుతుంది. మెయిల్లో లింకు నొక్కితే ఓటీపీ వస్తుంది. అది కొడితే లాకరు టక్కున తెరుచుకుంటుంది. చిన్న విషయం ఏంటంటే, రెండో సెల్లార్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఓటీపీ కోసం గ్రౌండ్ ఫ్లోర్‌కు రావాలి. ఓటీపీ ఆయుష్షు రెండు నిమిషాలు. మధ్యాహ్నం పూట లిఫ్టు రావడానికి మూడు నిమిషాలు. మెట్ల మీద పరిగెత్తితే ప్రాణాలతో ఉండగా అందుకోవచ్చు. ప్రాణాలు ఓటీపీవి. ఉద్యోగుల ఆరోగ్యం పట్ల సంస్థకున్న శ్రద్ధకు ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఇక పేర్ల దగ్గరికొస్తే, ఇంటిపేరు ముందు రాసుకునే జాతి ఒకటి భూమ్మీద ఉందని యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు. మా టీమ్‌లో ఐదు ఇనీషియల్స్ ఉన్న పెద్దాయన్ని అది ‘డియర్ కే’ అని పిలుస్తోంది. ఆయన రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు, ఈ వయసులో ఇంత చనువుగా పిలిచేవాళ్ళు లేరని మురిసిపోతున్నారు. మొదటి వారంలోనే శ్రీనివాస్ పేరున వచ్చిన ఒక చెప్పుల జతకు పదకొండు మందికీ మెయిల్ వెళ్ళింది. ఎనిమిది మంది దిగొచ్చి, వరసగా కాలు పెట్టి చూసుకున్నారు.

ఇదంతా నేను బయట నుంచి చూసి ఆనందిస్తున్న రోజుల్లో మే నెల వచ్చింది. అమ్మ ఆవకాయ పెట్టింది.

కారితే మా పూచీ లేదని కొరియర్ వాళ్ళు తెనాలిలోనే చెప్పారట. కారింది. ఎక్కువేం కాదు, ఓ గరిటెడు నువ్వుల నూనె. అది అట్టపెట్టె మూలలోంచి నిదానంగా పాకుతూ వచ్చి లేబుల్ను ఆక్రమించింది. ఆ లేబుళ్ళు వేడికి నల్లబడే థర్మల్ కాగితాలు. నూనె తగిలితే అచ్చు వెలిసిపోతుంది. స్కానర్‌ను అటు తిప్పారు, ఇటు తిప్పారు, అది ‘పీ’ అనలేదు. స్కానర్ ‘పీ’ అనకపోతే పార్సిల్ పుట్టనట్టే.

ఇందులో యంత్రాన్ని తప్పుపట్టలేం. బార్‌కోడ్ పుట్టుకే అలాంటిది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయోలో, ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద మొట్టమొదట స్కాన్ చేసింది చూయింగ్ గమ్ ప్యాకెట్. చూయింగ్ గమ్ కారదు కదా. అదే రోజు అక్కడ ఆవకాయ జాడీ పెట్టి ఉంటే ప్రపంచ వాణిజ్య చరిత్ర ఇంకోలా ఉండేది. ఇరవై ఏళ్ళకు, 1994లో, జపాన్ వాళ్ళు క్యూఆర్ కోడ్ తెచ్చారు. అందులో గట్టి రకాన్ని ముప్ఫై శాతం దాకా చెడినా చదవొచ్చట. మా అమ్మ ఊట దగ్గర అలాంటి పరిమితులేమీ పెట్టుకోదు.

కొరియర్ యాప్‌లో మాత్రం పచ్చరంగులో ‘డెలివర్డ్’ అని ఉంది. గేటు దాటించడంతో వాళ్ళ పని అయిపోయింది. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“అందిందా నాన్నా?”

“డెలివర్ అయిందమ్మా.”

“కలుపుకున్నావా మరి?”

“ఇంకా నా దాకా రాలేదు.”

“అయితే ఎవరికి డెలివర్ అయిందట?”

ఈ ప్రశ్న రెండు కమిటీల్లో ఎవరికీ తట్టలేదు. అమ్మకు తెలియదు గానీ, వస్తువు చేరకపోయినా చేరిందనడం యాప్ వాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. నోటీసుకు చిరునామా సరిగ్గా రాసి, డబ్బు కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో వేస్తే చాలు, అందలేదని రుజువయ్యేదాకా అందినట్టే లెక్క. ఆ రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. అందినట్టే లెక్క అనే దాన్ని మాత్రం ప్రతి కొరియర్ కంపెనీ భద్రంగా కాపాడుకుంటోంది. మన కలెక్టరాఫీసుల తపాలు సెక్షన్లు కూడా తక్కువేం కాదు. అక్కడ కాగితం పని తేలితే ‘డిస్’, అంటే డిస్పోజల్, కొడతారు. ఎల్.డిస్ అయితే ఏడాది ఉంచి పారేయాలి, డి.డిస్ అయితే పదేళ్ళు, ఆర్.డిస్ అయితే శాశ్వతం. అర్జీదారుడి పని అయిందా అనేది వేరే సబ్జెక్టు. ఆవకాయ ఏడాది నిలవుంటుంది కాబట్టి ఎల్.డిస్ కింద వస్తుందని నా వినమ్ర అభిప్రాయం.

మధ్యలో ఒక ఉత్సాహవంతుడు డిజిపిన్ వాడదామన్నాడు. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ళ ఎన్ఆర్ఎస్సీ కలిసి తెచ్చిన పది అక్షరాల చిరునామా అది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి ప్రతి గడికీ ఒక కోడ్ ఇచ్చారు. నిజంగానే మంచి పని, వంక పెట్టను. కాకపోతే గడి నేల మీద ఉంటుంది. సెల్లార్లో ఉన్న నా ఆవకాయకూ, దాని నెత్తిన తొమ్మిదో అంతస్తులో ఉన్న నాకూ కోడ్ ఒకటే వచ్చింది. ఆ లెక్కన మేమిద్దరం ఎప్పుడో కలుసుకున్నాం.

హెల్ప్‌డెస్క్‌లో టికెట్ పెట్టాను. ఫారంలో మొదటి ప్రశ్న: వస్తువు ఘనమా, ద్రవమా, పొడా? చాలాసేపు ఆలోచించాను. ముక్క ఘనం. ఊట ద్రవం. కారం, ఆవపిండి గుర్తొచ్చి నిజాయితీగా పొడికి కూడా టిక్కు పెట్టాను. పది నిమిషాల్లో సెక్యూరిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఎర్రటి పొడి ఎందుకు తెప్పించారని అడిగారు. డిజిటలైజేషన్ తర్వాత ఇంత వేగంగా ఏ సేవా నేను పొందలేదు. పంపినవారి ఫోన్ నంబరు కూడా చుక్క గుర్తు పెట్టి మరీ అడిగారు, అమ్మ నంబరిచ్చాను. మర్నాడు జవాబు వచ్చింది: డియర్ యూజర్, మీ పార్సిల్ సిస్టమ్‌లో లేదు.

దిగి వెళ్ళాను. లిఫ్టు తలుపు తెరుచుకోవడంతోనే గుప్పున కొట్టింది వాసన. లాకర్ల ముందు కొత్తగా వచ్చిన కుర్రాడున్నాడు.

“వాసన వస్తోంది కదా?” అన్నాను.

“వస్తోంది సార్. కానీ సిస్టమ్‌లో లేదు.”

వాడి తప్పేం లేదు. లేనిదాన్ని ఇస్తే రేపు వాడి ఉద్యోగం ఉండదు. పైకొచ్చేశాను. టెన్షన్ పడకుండా యాప్‌లో ఐదు నక్షత్రాల రేటింగ్ కూడా ఇచ్చాను, అది ఇవ్వందే పేజీ ముందుకు కదల్లేదు.

ఐదో రోజు సాయంత్రం కొరియరన్న నా సీటు దగ్గరికొచ్చాడు. మెడలో పార్కింగ్ విజిల్, చేతిలో పేపరు చుట్టిన పెట్టె.

“మీ అమ్మగారి తొక్కు గదా సార్ ఇది? పోయినేడు గూడ గిదే వాసన. మిషన్ల ఎక్కలేదంట, పారేస్తమంటే నేనే తెచ్చిన.”

సంతకం పెడదామని చెయ్యి చాచాను. రిజిస్టరు లేదు. కాసేపు ఇద్దరం ఏం చేయాలో తెలియక నిలబడ్డాం.

ఆ తర్వాతి మధ్యాహ్నం లంచ్ డబ్బా తెరిచి, వేడివేడిగా కలుపుతుండగా మెయిల్ వచ్చింది. క్లెయిమ్ చేయని వస్తువులపై చర్య: ఆర్టీవో ఇనిషియేటెడ్. బండి ఇన్సూరెన్సు గురించేమోనని ఒక్క క్షణం గుండె ఆగింది. కాదు, రిటర్న్ టు ఆరిజిన్ అట. నా ముందు కంచంలో ఉన్న ఆవకాయను వాళ్ళు తెనాలికి తిప్పి పంపించేస్తున్నారు. పంపినవారికి కూడా సమాచారం ఇచ్చామని చివర్లో రాశారు.

ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది.

“తిప్పి పంపించేశావటగా, మెసేజ్ వచ్చింది. ఉప్పెక్కువైందా నాన్నా?”

నోటినిండా అన్నం. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మౌనాన్ని అమ్మ తన పద్ధతిలో అర్థం చేసుకుంది. శుక్రవారం సాయంత్రం తెనాలిలో ఇంకో జాడీ బయల్దేరింది. దాని తోక నంబరు వాట్సాప్‌లో పంపింది.